సెకండ్ హ్యాండ్ క్రాసోవర్ కొనొచ్చా? కొనొచ్చు, కింద దూరి చూశాక

ముందే తీర్పు చెప్పేస్తా, కారణాలు తీరిగ్గా చదువుకోవచ్చు. నాలుగైదేళ్లు వాడిన క్రాసోవర్ ఎస్‌యూవీ, సర్వీస్ కాగితాలన్నీ ఉన్నది, ముందు చక్రాలకే పవర్ వెళ్లేది, టర్బో లేని మామూలు పెట్రోల్ ఇంజినో లేకపోతే బాగా చూసుకున్న హైబ్రిడ్డో అయితే కళ్లకద్దుకుని తీసుకోవచ్చు. అదే పదేళ్ల నాటి టాప్ మోడల్, ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లేది), టర్బో, పైనంతా అద్దాల రూఫ్, బటన్ నొక్కితే లేచే డిక్కీ డోర్, "ఇన్ని ఫీచర్లు ఇంత తక్కువకే వస్తున్నాయి కదా" అని ఎగబడే రకం బండి మాత్రం రెండుసార్లు ఆలోచించండి. అంత తక్కువకి రావడానికి కారణం ఏదో ఒకటి ఉంటుంది, చాలాసార్లు అది బండి కింద ఉంటుంది, మనం చూసేది పైన మెరిసే పెయింటు.

అసలు క్రాసోవర్ అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పుకుంటే మిగతా సగం గొడవ తీరిపోతుంది. చూడ్డానికి ఎత్తుగా, దిట్టంగా ఉంటుంది గానీ లోపలున్నది కారే. పాత తరహా ఎస్‌యూవీలకి కింద నిచ్చెనలాంటి ఛాసిస్, దాని మీద బాడీ బిగిస్తారు. క్రాసోవర్‌కి బాడీ, ఛాసిస్ కలిపి ఒకటే నిర్మాణం. 1994లో టయోటా రావ్4, ఆ మరుసటేడు హోండా సీఆర్-వీ, 1997లో సుబారు ఫారెస్టర్ వచ్చి ఈ దారి వేశాయి. సీఆర్-వీ సివిక్ పునాది మీద, ఫారెస్టర్ ఇంప్రెజా పునాది మీద కట్టినవే. కాబట్టి కారులా మెత్తగా నడుస్తుంది, కారులా తాగుతుంది (కొంచెం ఎక్కువే తాగుతుంది), కానీ కొండలూ గుట్టలూ ఎక్కడానికి కావాల్సిన లో రేంజ్ గేర్ చాలావాటిలో ఉండదు. చాలా క్రాసోవర్లకి వెనక చక్రాలకి పవరే వెళ్లదు. "ఎస్‌యూవీ కదా, ఎక్కడికైనా వెళ్తుంది" అనుకుని బురదలో దింపిన పాత ఓనరు ఎవరైనా ఉంటే ఆ ఖర్చు మీ నెత్తిన పడుతుంది. కింద ప్లాస్టిక్ షీట్లు పగిలి ఉన్నాయా, సైలెన్సర్ గొట్టానికి సొట్టలున్నాయా అని చూడమనేది అందుకే.

ఇంకో సంగతి. అదే పునాది మీద కట్టిన కారుకంటే ఇది బరువెక్కువ, ఎత్తెక్కువ. బ్రేకులు, బుష్‌లు, షాకబ్జార్బర్లు, టైర్లు త్వరగా అరుగుతాయి. టైర్ల సైజులు కూడా ఏటికేడు పెంచుకుంటూ పోయారు, పెద్ద అలాయ్ వీల్స్ ఉన్న టాప్ మోడల్‌కి నాలుగు టైర్లు మార్చాల్సి వస్తే ఎంతవుతుందో కొనకముందే ఒకసారి కనుక్కోండి, కొన్నాక కనుక్కుంటే గుండె గుభేలుమంటుంది.

ఇక గేర్‌బాక్స్ దగ్గరికి వద్దాం, నా దృష్టిలో సగం బేరం ఇక్కడే తేలిపోతుంది. క్రాసోవర్లలో ఆటోమేటిక్ అంటే మూడు రకాలు తగులుతాయి. టార్క్ కన్వర్టర్ ఉన్న పాతరకం ఆటోమేటిక్ ఒకటి, సీవీటీ ఒకటి, రెండు క్లచ్‌ల డీసీటీ ఒకటి. అమ్మేవాడికి ఆ మూడింటి తేడా తెలియకపోవచ్చు, "ఆటోమేటికే సార్" అంటాడు, మీరు మాత్రం తెలుసుకునే వెళ్లండి.

సీవీటీలో గేర్లుండవు, రెండు పుల్లీల మధ్య స్టీల్ బెల్టో గొలుసో తిరుగుతూ ఉంటుంది. బాగున్నన్నాళ్లు వెన్నలా ఉంటుంది. దాని ప్రాణమంతా ఆయిల్‌లో ఉంటుంది, ఆ ఆయిల్ మార్చకుండా లక్ష కిలోమీటర్లు తోలిన బండ్లు కోకొల్లలు. నిస్సాన్ సీవీటీల మీద వచ్చిన ఫిర్యాదులు అందరికీ తెలిసినవే, అమెరికాలో రోగ్‌తో సహా చాలా మోడళ్లకి కంపెనీయే సీవీటీ వారంటీని పొడిగించాల్సి వచ్చింది. అంటే ఆ బండ్లన్నీ చెత్త అని కాదు, ఆయిల్ మార్చిన రుజువు లేకుండా కొనకూడదని. టెస్ట్ డ్రైవ్‌లో నెమ్మదిగా, గంటకి ముప్పై నలభై కిలోమీటర్ల దగ్గర యాక్సిలరేటర్ కొంచెమే నొక్కి పట్టుకుని చూడండి. రాళ్ల మీద వెళ్తున్నట్టు సన్నగా అదిరితే, లేదా ఇంజిన్ మోత పెరిగి బండి మాత్రం కదలకపోతే అక్కడే ఆపేసి తాళం ఇచ్చేయండి. బేరం కూడా ఆడొద్దు.

డ్రై క్లచ్ డీసీటీకి ట్రాఫిక్ అంటే పడదు. అడుగులో అడుగేస్తూ పాకే చోట క్లచ్‌లు వేడెక్కిపోతాయి. కాబట్టి ఖాళీ రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్ చేస్తే ఏమీ తెలియదు. రద్దీ ఉన్న చోటికి తీసుకెళ్లి, ఎత్తు మీద ఆపి కదిలించి, రివర్స్‌లో మెల్లగా ఎక్కించి చూడాలి. కుదుపుతో అందుకుంటే క్లచ్ ఖర్చు లెక్కలో వేసుకోండి. మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ ఈ మూడింట్లో మొండిది, అయినా దానికీ ఆయిల్ మార్చాలి. "ఈ గేర్‌బాక్స్ ఆయిల్ బండి ఉన్నంతకాలం మార్చక్కర్లేదు" అని కొన్ని కార్ల కంపెనీలు చెప్తాయి కదా, ఆ గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. తయారుచేసినవాడి మాట వినడం మంచిది కదా.

ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న బండి అయితే పని ఇంకాస్త పెరుగుతుంది. చాలా క్రాసోవర్లలో మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి, అవి జారినప్పుడు వెనక ఉన్న కప్లింగ్ అందుకుని వెనక చక్రాలకి పవర్ పంపుతుంది. టిగ్వాన్, వోల్వో ఎక్స్‌సీ60 లాంటి వాటిలో ఉండే హాల్డెక్స్ కప్లింగ్ ఈ రకమే. దానికో ఆయిల్, ఆ ఆయిల్‌ని తోయడానికో చిన్న పంపు ఉంటాయి. ఆయిల్ మార్చకపోతే క్లచ్ అరుగుడంతా పేరుకుని పంపు జల్లెడ మూసుకుపోతుంది, పంపు కాలిపోతుంది. తమాషా ఏమిటంటే అది చచ్చిపోయినా బండి హాయిగా నడుస్తూనే ఉంటుంది, ముందు చక్రాలు లాగుతున్నాయి కాబట్టి ఓనరుకి తెలియనే తెలియదు. ఆల్ వీల్ డ్రైవ్ అని ఎక్కువ డబ్బు తీసుకుంటాడు, మీకు వచ్చేది రెండు చక్రాలకే పవర్ వెళ్లే బండి, దాంతోపాటు ఉత్తపుణ్యానికి మోసే అదనపు బరువు.

దీన్ని పట్టుకోవడానికి మొదటి ఆధారం టైర్లే. కూర్చుని నాలుగు టైర్లూ చూడండి. నాలుగూ ఒకే కంపెనీవేనా, అరుగుదల ఒకేలా ఉందా? ముందు రెండు కొత్తవి, వెనక రెండు గుండ్లు, లేదా నాలుగు చక్రాలకీ నాలుగు కంపెనీలు అయితే ఆ చక్రాల చుట్టుకొలతలు వేరువేరుగా ఉంటాయి, కప్లింగ్ అనుక్షణం ఆ తేడాతో కుస్తీ పడుతూ వేడెక్కుతుంది. ఎప్పుడూ నాలుగు చక్రాలకీ పవర్ పంపే సుబారు లాంటి వాటికి ఈ పట్టింపు మరీ ఎక్కువ. టైరు పక్కన డాట్ అని ఉన్న కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. రీడింగ్ ముప్పై వేలే చూపిస్తున్న బండికి ఇప్పటికే రెండో జత టైర్లు పడ్డాయంటే ఏదో లెక్క తేడా ఉన్నట్టే. తర్వాత ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి పట్టుకుని మెల్లగా గుండ్రంగా రెండు చుట్లు తిప్పండి, రెండో వైపు కూడా. టక్ టక్ మంటే యాక్సిల్ జాయింట్లు పోయాయి. ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు బిగుసుకుంటే ఆల్ వీల్ డ్రైవ్‌లోనే తేడా ఉంది.

మీరుండే చోట ఏడాదిలో ఎన్నాళ్లు మంచు, బురద ఉంటాయో చూసుకుని, లేకపోతే ఆల్ వీల్ డ్రైవ్ జోలికే వెళ్లకండి. దీనికోసం సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువ డబ్బు పెట్టడం నాకెప్పుడూ దండగే అనిపిస్తుంది.

ఇంజిన్ల సంగతి. ఇక్కడ అన్నీ ఒకే గాటన కట్టడానికి లేదు, మోడల్‌ని బట్టి, సంవత్సరాన్ని బట్టి మారిపోతుంది. హ్యుండై, కియాల థీటా 2 ఇంజిన్లు, 2.4 లీటర్లవి, 2.0 టర్బోవి, బేరింగులు పోయి ఇంజిన్ పట్టేయడం మీద 2015లో రీకాల్ (కంపెనీయే బండ్లని వెనక్కి పిలిచి సరిచేయడం) మొదలైంది, 2017లో శాంటా ఫే స్పోర్ట్, సొరెంటో, స్పోర్టేజ్‌లకీ పాకింది. తయారీలో మిగిలిపోయిన లోహపు ముక్కలు ఆయిల్ దారులకి అడ్డుపడటం అసలు కారణం. 2017, 2018 నాటి సీఆర్-వీ 1.5 టర్బోలో చలి ప్రాంతాల్లో, దగ్గర దూరాలు తిరిగే బండ్లలో పెట్రోల్ వెళ్లి ఇంజిన్ ఆయిల్‌లో కలిసేది. ఇలాంటి బండికి డిప్ స్టిక్ బయటికి తీసి చూడండి, ఆయిల్ మట్టం పై గీత దాటి ఉండి, వాసన చూస్తే పెట్రోల్ కొడితే అర్థమైపోతుంది. ప్యూజో 2008, 3008ల్లో వచ్చిన 1.2 ప్యూర్‌టెక్ పెట్రోల్ ఇంజిన్‌కి టైమింగ్ బెల్టు ఆయిల్‌లో నానుతూ తిరుగుతుంది. తప్పు రకం ఆయిల్ పోసినా, ఆలస్యంగా మార్చినా బెల్టు ఉబ్బి, పొట్టు రాలి, ఆ పొట్టు వెళ్లి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడుతుంది. ఆయిల్ పోసే మూత తీసి లైటు వేస్తే ఆ బెల్టు కనిపిస్తుంది కూడా, పగుళ్లుంటే వదిలేయండి.

వీటిలో దేన్నీ అసలు కొనకూడదని కాదు. సరిచేయించిన రుజువు ఉంటే కొనొచ్చు, అదీ తక్కువకి. బండి విన్ నంబర్ (ఛాసిస్ నంబర్) తీసుకుని కంపెనీ వెబ్‌సైట్లో పెడితే రీకాల్ పనులు పెండింగ్ ఉన్నాయో లేదో చాలా కంపెనీలు చెప్తాయి. పనిలో పనిగా టకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగులు ఉంటే మార్చారో లేదో చూడండి, పాత బండి అయితే ఇది తప్పనిసరి. వేడి, తేమ ఎక్కువున్న చోట ఏళ్లు గడిచేకొద్దీ ఎయిర్‌బ్యాగ్‌ని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్లలోని పేలుడు మందు పాడై, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు ఎగిరి జనం చచ్చిపోయారు. రిపేరు ఉచితంగానే చేస్తారు, చేయించకుండా తిరిగేవాళ్లని ఏమనాలో నాకు తెలీదు.

డీజిల్ గురించి ఒక్క మాట: రోజూ నాలుగు కిలోమీటర్లు తిరిగేవాళ్లకి కొత్త తరం డీజిల్ వద్దు. పొగలోని మసిని పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్, తనలో పేరుకున్న మసిని కాల్చుకోవడానికి హైవే మీద వేడెక్కే అవకాశం కావాలి. హైబ్రిడ్ అయితే బ్యాటరీకి గాలి పీల్చే జాలీ ఎక్కడుందో చూడండి, కొన్నిటిలో వెనక సీటు కిందే ఉంటుంది, కుక్క వెంట్రుకలూ బిస్కెట్ పొడీ నిండి మూసుకుపోయి ఉంటే ఆ బ్యాటరీ ఏళ్ల తరబడి ఉడికిపోయిందని లెక్క.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పండి, వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే అడగండి ఎందుకని. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి పది సెకన్లలో వినిపించే గరగర, వెనక నుంచి వచ్చే నీలం పొగ, కాసేపటికి అన్నీ సర్దుకుపోతాయి, మీరు చూడాల్సింది ఆ పది సెకన్లే.

బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ ఒకటి కొనుక్కోండి, బ్లూటూత్‌ది, చాలా చవక. మా పెదనాన్నగారబ్బాయి కోసం ఒక క్రాసోవర్ చూడ్డానికి వెళ్లాం. బండి తళతళలాడుతోంది, టైర్లకి నల్ల పాలిష్ కూడా కొట్టారు. "ఒక్క లైటు కూడా వెలగట్లేదు చూడండి సార్, ఇంజిన్‌కి చెయ్యే పెట్టలేదు" అన్నాడు అమ్మేవాడు. స్టీరింగ్ కింద సాకెట్లో స్కానర్ గుచ్చాం. లోపాల కోడ్లు ఏమీ లేవు, నిజమే. కానీ రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనని తాను చేసుకునే పరీక్షలు, సగానికి సగం "పూర్తికాలేదు" అని చూపిస్తున్నాయి, కింద ఇంకో వరుసలో కోడ్లు చెరిపేశాక తిరిగిన దూరం 6 కిలోమీటర్లు. అంటే ఆ పొద్దున్నే ఎవరో లైటు ఆర్పి, బండిని కడిగించి తెచ్చి నిలబెట్టారు. బ్యాటరీ మార్చినా ఇలా చెరిగిపోవచ్చు, కాబట్టి మర్యాదగానే "బ్యాటరీ ఏమైనా మార్చారా అండీ" అని అడిగాం. లేదన్నాడు. "అయితే వంద కిలోమీటర్లు తిప్పాక మళ్లీ చూస్తాం" అంటే "వేరేవాళ్లు అడ్వాన్స్ ఇస్తామంటున్నారు సార్" అన్నాడు. ఇవ్వనిమ్మని వచ్చేశాం.

యాక్సిడెంట్ సంగతి తేల్చుకోవడం క్రాసోవర్‌లో మరీ ముఖ్యం, బాడీయే ఛాసిస్ కాబట్టి ఒకసారి వంగితే పూర్తిగా తిన్నగా చేయడం కష్టం. బోనెట్ బోల్టులు, డోర్ హింజ్ బోల్టులు చూడండి, స్పానర్ పెట్టిన గుర్తుగా పెయింటు పగిలి ఉంటే ఆ ముక్క విప్పారు. పెయింటు మందం కొలిచే మీటర్ దొరికితే ఇంకా మంచిది. కంపెనీ పెయింటు సుమారు 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది, ఒక డోరు మీద 400, 500 చూపిస్తే కింద పుట్టీ ఉన్నట్టు. డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంటలోకి టార్చి వేసి చూడటం చాలామంది మర్చిపోతారు, వెనక నుంచి గుద్దించుకున్న బండి అక్కడే దొరికిపోతుంది, ముడతలు, కొత్త వెల్డింగు, చేత్తో పూసిన సీలెంటు. వరద నీళ్లలో మునిగిన బండి అయితే సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, సీట్లు షాంపూ పెట్టి కడుగుతారు గానీ బెల్టు ఎవరూ అంత దూరం లాగి కడగరు, బురద గీత అలాగే ఉంటుంది. సీటు పట్టాలకి తుప్పు, ముక్కుకి ఘాటుగా కొట్టే పెర్ఫ్యూమ్, ఇవి కూడా అనుమానించాల్సినవే.

అద్దాల రూఫ్ ఉంటే మూలల్లో నీళ్లు పోయే సన్నటి గొట్టాలుంటాయి, అవి పూడుకుంటే నీళ్లు పిల్లర్ల వెంట దిగి కార్పెట్ కింద చేరతాయి, చాలా బండ్లలో అక్కడే వైర్లు, కంప్యూటర్లు ఉంటాయి. చేత్తో కార్పెట్ నొక్కి తడి చూడండి.

రీడింగ్ వెనక్కి తిప్పారా అని అందరికీ టెన్షనే. మీటరు కంటే బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద నునుపు, డ్రైవర్ సీటు పక్క అంచు నిజం చెప్తాయి. ఎత్తు బండి కాబట్టి దిగేటప్పుడల్లా ఒళ్లు ఆ అంచుకే రాసుకుంటుంది. సర్వీస్ బిల్లుల మీద తేదీ, రీడింగ్ వరసగా పెరుగుతూ ఉండాలి, మధ్యలో రెండేళ్లు ఖాళీ ఉంటే ఆ రెండేళ్లు ఏమైందో అడగాలి.

కొత్తగా వచ్చిన బండ్లలో ముందు అద్దం వెనక కెమెరా, బంపర్ వెనక రాడార్ ఉంటున్నాయి, తనే బ్రేకు వేస్తుంది, లైనులో ఉంచుతుంది. మంచివే. కానీ ముందు అద్దం మారిస్తే ఆ కెమెరాని మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలి, అంటే దాని చూపు సరిగ్గా కుదిర్చించాలి, బయట చౌక అద్దం వేయించినవాళ్లు అది ఎగ్గొడతారు. అద్దం మీద కంపెనీ ముద్ర మిగతా అద్దాలతో కలుస్తోందా చూసి, మారిస్తే బిల్లు అడగండి. ఇంకో మాట, సేఫ్టీ స్టార్లు ఏ ఏడాది ఇచ్చినవో చూడండి, కార్లని గుద్దించి స్టార్లు ఇచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ తన పరీక్షలు మధ్యమధ్యలో కఠినం చేస్తూ పోతోంది, 2012 నాటి అయిదు స్టార్లూ ఇప్పటి అయిదు స్టార్లూ ఒకటి కావు.

మూడో వరస సీట్ల గురించి ఎక్కువ చెప్పను, మీరే వెళ్లి పది నిమిషాలు కూర్చోండి.

ఎవరి దగ్గర కొనాలి అంటే, మొదటి ఓనరు దగ్గర, కాగితాల ఫైలు ఉన్నవాడి దగ్గర. కంపెనీ సర్టిఫైడ్ అని అమ్మేవాళ్లు వందకి పైగా పాయింట్లు చెక్ చేశామని కాగితం చూపిస్తారు, ఆ కాగితం కంటే దాంతో వచ్చే వారంటీలో గేర్‌బాక్స్, ఆల్ వీల్ డ్రైవ్ కప్లింగ్, హైబ్రిడ్ బ్యాటరీ ఉన్నాయా లేవా అన్నది చదవండి, ఆ మూడూ లేకపోతే అది వైపర్లకి ఇచ్చిన వారంటీ. ఎవరి దగ్గరైనా సరే, మీకు తెలిసిన, ఈ అమ్మకంతో సంబంధం లేని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి లిఫ్ట్ మీద ఎక్కించి చూపించే దాకా డబ్బు తీయకండి. వద్దనేవాడితో ఇక మాటల్లేవు. కీలు రెండూ అడగండి, ఇప్పటి స్మార్ట్ కీ కొత్తది చేయించడం చిన్న ఖర్చు కాదు.

అన్నీ నచ్చి కొన్నారనుకోండి, మొదటి వారంలోనే ఇంజిన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్, ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే కప్లింగ్, డిఫరెన్షియల్ ఆయిళ్లు, రెండు గాలి ఫిల్టర్లూ మార్పించేయండి, పాత ఓనరు నిన్ననే మార్చానని ఒట్టేసినా సరే. ఈ ఖర్చంతా బేరం ఆడేటప్పుడే కలిపి చూసుకోండి. గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం ఆ మోడల్ మాన్యువల్లో రాసిన నంబరుదే పోయించండి, సీవీటీలో మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే ఇంత చూసి కొన్న గేర్‌బాక్స్ చేతులారా పాడవుతుంది. పోసేటప్పుడు దగ్గరుండి డబ్బా మీద నంబరు చదవండి.